కొత్త స్మార్ట్ టీవీకి వైఫై పెట్టే ముందు

దసరా ఆఫర్లలో టీవీ తీసుకుంటున్నవాళ్లు ముందుగా ఇవి చూసుకోండి.

– తెర మీద యాక్టివేషన్ కోడ్ వచ్చిందని గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి ఫోన్ చేయకండి. అలా దొరికేవాటిలో మోసగాళ్ల నంబర్లు కూడా ఉంటాయి, యాక్టివేషన్ ఫీజు అంటూ మొదలుపెట్టి, మీ ఫోన్‌లో ఏదో యాప్ వేయించి, ఖాతా మొత్తం ఊడ్చేస్తారు. టీవీలో యూట్యూబ్ లాగిన్‌కి పైసా కట్టక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ మాట తప్పకుండా చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

– వైఫై పేర్లలో చివర 5జీ (అంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై, మొబైల్ 5జీ కాదు) అని ఉన్నది టీవీలో కనపడకపోతే టెన్షన్ పడకండి, తక్కువ ధర టీవీలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. రెండూ కనపడితే, రౌటర్ అదే గదిలో ఉంటే 5, మధ్యలో గోడలుంటే 2.4.

– పాస్‌వర్డ్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేరు. కన్ను గుర్తు నొక్కి, చూస్తూ కొట్టండి.

– మొబైల్ హాట్‌స్పాట్ మీద నడిపిద్దాం అనుకుంటే, హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా లాగుతుంది కాబట్టి రోజుకు 2 జీబీ ప్యాక్ ఇంటర్వెల్ దాకా కూడా రాకపోవచ్చు.

– కనెక్ట్ అవగానే అప్‌డేట్ అడుగుతుంది. కరెంటు పోయేలా ఉంటే తర్వాత చేయండి, మధ్యలో ఆగితే టీవీ లోగో దగ్గరే నిలిచిపోయే ప్రమాదం ఉంది.