బెల్ట్ శాండర్‌ని గాల్లోనే ఆన్ చేయండి
తిరుపతిలో మా పాత టేకు తలుపు నున్నగా చేద్దామని బెల్ట్ శాండర్ (గరుకు కాగితం పట్టీ గిర్రున తిరుగుతూ చెక్కను అరగదీసే మిషన్) అద్దెకు తెచ్చాను. తలుపు మీద పెట్టి స్విచ్ వేశా, అంతే! చేతుల్ని లాక్కుంటూ ముందుకు దూకింది, చెక్క మీద గుంట పడింది. మిషన్‌ని పైకెత్తి ఆన్ చేసి, వేగం అందుకున్నాక కదుపుతూ దించాలి. ఆపేటప్పుడు కూడా ముందు ఎత్తాలి, తర్వాతే స్విచ్. నొక్కొద్దు, దాని బరువే చాలు. చెక్క చారల వెంబడే రెండు చేతులతో నడపండి, ఒక్క క్షణం ఆగినా పల్లం పడుతుంది. తలుపును క్లాంపులతో బిగించి, వైరు భుజం మీద వేసుకోండి. ముందు గరుకైన 80 నంబరు బెల్ట్, తర్వాత నున్నటి 120. బెల్ట్ మార్చేటప్పుడు ప్లగ్ పీకేయాల్సిందే. కళ్లకు రక్షణ అద్దాలు, మాస్కు తప్పనిసరి. ఇంట్లో పనే కదా అని లుంగీతో, మెడలో తువ్వాలుతో మాత్రం దిగకండి.