అరకులో విచారణ రిట్రీట్‌: వెళ్లేముందు, వెళ్లాక

విచారణ అంటే ఒక క్యాథలిక్ చర్చి పరిధిలోని విశ్వాసుల సంఘం, రిట్రీట్ అంటే వాళ్లంతా కలిసి ప్రార్థనలో గడిపే శిబిరం. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఘాట్‌ మలుపుల్లో వాంతులయ్యేవాళ్లు ఖాళీ కడుపుతోనూ, పూరీలు దట్టించీ బయల్దేరకూడదు. రెండు ఇడ్లీలు చాలు. మాత్ర వేసుకునేవాళ్లు డాక్టర్ని అడిగి, బస్సెక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక మింగితే కడుపులో నిలవదు.

డిసెంబరు, జనవరి రాత్రుళ్లలో చలి 10 డిగ్రీల లోపుకు దిగుతుంది. స్వెటర్‌, మంకీ క్యాప్‌, రెండు జతల సాక్సులు, దుప్పటి, టార్చ్‌ పెట్టుకోండి. బైబిలు, జపమాల, నోటుపుస్తకం మరవద్దు. బీపీ, షుగర్‌ మందులు ఒకరోజుకు అదనంగా ఉంచుకోండి.

ఎక్కువగా దెబ్బతినేది పాపసంకీర్తనాల (గురువు, అంటే ఫాదర్ దగ్గర ఒక్కొక్కరూ తమ పాపాలు చెప్పుకునే) సమయం. నలభైమందికి తలా ఐదు నిమిషాలన్నా మూడు గంటల ఇరవై నిమిషాలు. ఒక్క గురువే ఉంటే చివరివాళ్లను తొందరపెట్టాల్సి వస్తుంది, అది అన్యాయం. ఇంకో గురువును ముందే పిలవండి. శనివారం మధ్యాహ్నమే మొదలుపెట్టి, వరుసలో ఉన్నవాళ్లకు ఆరాధన (సత్ప్రసాదం ముందు ప్రార్థన) జరిపించండి. చెప్పాల్సినవి ముందురోజే కాగితంమీద రాసుకుంటే మాట తడబడదు. తర్వాత ఆ కాగితం చించేయండి.

మౌనం పాటించే వేళ ఫోన్లు సంచిలో వేసి ఒకరి దగ్గర ఉంచండి. సైలెంట్‌లో పెడితే చాలదు, చెయ్యి దానిమీదికే పోతుంది. ఇంటివాళ్లకు నిర్వాహకుల నంబరు ఇచ్చి రండి.

ఆదివారం పూజలో (మాస్‌లో) సత్ప్రసాదం తీసుకోవడానికి ముందు కనీసం గంట ఉపవాసం. టిఫిన్‌ పూజయ్యాకే పెట్టించండి. చీకటిపడకముందే ఘాట్‌ దిగాలి, మంచు కమ్మితే దారి కనపడదు.