చుక్క దగ్గర మొదలుపెట్టండి: కాల్షియం రియాక్టర్ మొరాయిస్తే

భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. ఇంట్లో 300 లీటర్ల పగడాల ట్యాంకు ఉంది. పగడాలు పెరగాలంటే రోజూ నీటిలోంచి కాల్షియం, కార్బొనేటు లాక్కుంటూనే ఉంటాయి. ఆ లోటు పూడ్చేది రియాక్టర్. ట్యాంకు నీటిలో కార్బన్ డయాక్సైడ్ కలిపి పీహెచ్‌ని 6.6 దగ్గరకు దించితే, చాంబర్‌లోని అరగొనైట్ (ఒక రకం కాల్షియం కార్బొనేట్) ముక్కలు, అంటే మీడియా, కరిగి, ఆ నీరు చుక్కచుక్కగా సంపులో (ట్యాంకుకు కలిపిన అదనపు తొట్టెలో) పడుతుంది.

ఆల్కలినిటీ, అంటే నీటిలో కార్బొనేటు పాలు, పడిపోగానే చాలామంది ముందుగా గ్యాస్ వాల్వు తిప్పుతారు. దయచేసి ఆ పని చేయకండి. మా వైపు శివారు చేనుకు నీరందకపోతే రైతు నేరుగా ధవళేశ్వరం వెళ్లడు. తన బోదె దగ్గర మొదలుపెట్టి గట్టు వెంట ఎగువకు నడుస్తాడు. గుర్రపుడెక్క ఎక్కడ అడ్డం పడిందో దారిలోనే కనబడుతుంది. రియాక్టర్‌నీ అలాగే చూడాలి, చుక్క పడే చోటు నుంచి సిలిండర్ వైపు.

కొలజాడీ పెట్టి సరిగ్గా ఒక నిమిషం చుక్కలు పట్టండి. నా దాంట్లో 20 మిల్లీలీటర్లు రావాలి. తగ్గిందంటే గొట్టం చివర వేలితో తడిమి చూడండి, గరుకుగా తగిలే తెల్లటి పెచ్చు ఉంటుంది. అది మళ్లీ గడ్డకట్టిన సున్నమే. అరగంట వెనిగర్‌లో నానబెడితే ఊడిపోతుంది. చివర శుభ్రంగానే ఉంటే, చుక్కలను అదుపు చేసే వాల్వులో మీడియా పొడి ఇరుక్కుని ఉంటుంది. ఒకసారి పూర్తిగా తెరిచి తోసేసి, మళ్లీ కొలిచి పెట్టుకోండి.

చుక్కల లెక్క సరిపోతే ఆ నీటి ఆల్కలినిటీ చూడండి. 20 నుంచి 30 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) మధ్య ఉంటే రియాక్టర్ బాగానే ఉన్నట్టు. పగడాలు పెరిగి వాడకం ఎక్కువైందంతే, చుక్కలు కాస్త పెంచండి. 12 దగ్గర ఉంటే గ్యాస్ చాలడం లేదు, లేదా మీడియా అయిపోవచ్చింది. ఆక్వా ల్యాబులో పరీక్ష చేయించేవాళ్లకు ఒక మాట: మా చీటీలో ఆల్కలినిటీ పీపీఎంలో ఉంటుంది, దాన్ని 17.9తో భాగిస్తే డీకేహెచ్ వస్తుంది. కాల్షియం హార్డ్‌నెస్ అని రాసిన అంకెను 2.5తో భాగించాలి. 1050 చూసి కంగారు పడొద్దు, అది 420 కాల్షియం, ట్యాంకుకు సరిపోయేదే.

తర్వాత పీహెచ్ ప్రోబ్. ఇది చూపే అంకెను బట్టే కంట్రోలర్ గ్యాస్‌ను వదలడం, ఆపడం చేస్తుంది. దీన్ని 7, 4 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచేయాలి. చాంబర్ పీహెచ్ ఆ రెంటి మధ్యే ఉంటుంది కాబట్టి 10 బఫర్ ఇక్కడ అక్కర్లేదు. ప్రోబ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తే గ్యాస్ ఆగకుండా వెళ్తుంది, మీడియా పిండిలా మెత్తబడి నీటిదారి మూసుకుపోతుంది.

ఇలాంటిదే నాకు ఒక వేసవి రాత్రి జరిగింది. మూడు గంటలు కరెంటు లేదు. కంట్రోలర్‌ని, గ్యాస్ సోలనాయిడ్‌ని (కరెంటుతో తెరుచుకునే వాల్వు) ఇన్వర్టర్ మీద పెట్టాను, నీళ్లు తిప్పే పంపును మాత్రం మెయిన్ లైన్‌లోనే ఉంచాను. పంపు ఆగితే నీరు కదలదు. ప్రోబ్ చుట్టూ నిలిచిన నీటి పీహెచ్ అలాగే ఉండిపోయింది. ఇంకా దిగలేదనుకుని కంట్రోలర్ గ్యాస్ వదులుతూనే ఉంది. తెల్లారి లేచేసరికి చాంబర్ పైన జానెడు గ్యాస్, పంపులో గరగరమని శబ్దం, అంకె 5.8. మీడియాను వేళ్లతో నొక్కితే తడి సుద్దలా చితికింది. రెండు రోజులకు పగడాల కొసలు తెల్లబడ్డాయి. చాలా బాధపడ్డాను. అందుకే చెబుతున్నాను, సోలనాయిడ్, పంపు రెండూ ఒకే బోర్డు మీద ఉండాలి. ఆరితే రెండూ ఆరాలి.

కరెంటు పోకుండానే పంపు గరగరమంటే లోపల గ్యాస్ చేరిందన్నమాట. పై మరను కొద్దిగా వదులు చేసి గాలి తీసేయండి. మర్నాటికి మళ్లీ చేరితే గ్యాస్ ఎక్కువవుతోంది, లేదా పంపు పీల్చే వైపు జాయింటులోంచి గాలి వస్తోంది.

ఇక గ్యాస్ వైపు. బుడగల లెక్క రోజురోజుకూ మారుతుంటే కారణం నీడిల్ వాల్వు (గ్యాస్‌ను సన్నగా సరిచేసేది), లేదా బబుల్ కౌంటర్‌లో (బుడగలు లెక్కపెట్టే చిన్న గొట్టంలో) నీరు ఆరిపోవడం. జాయింట్లకు సబ్బు నురుగు రాసి చూడండి. సిలిండర్ గేజ్‌ను మాత్రం నమ్మకండి. లోపల ద్రవం ఉన్నంతసేపూ అది కొంచెం ఉన్నా, నిండుగా ఉన్నా ముల్లు దాదాపు అక్కడే నిలబడుతుంది, ఎండకు ఇంకాస్త పైకి పోతుంది కూడా. తూకం వేసి, ఖాళీ బరువు తీసేస్తేనే నిజం తెలుస్తుంది. అడుగంటినప్పుడు కొన్ని రెగ్యులేటర్లు ఒక్కసారిగా గ్యాస్ వదిలేస్తాయి. అందుకే నేను పూర్తిగా అయ్యేదాకా ఆగను, ముందే నింపిస్తాను.

బాగుచేసేలోగా పగడాలను ఆకలితో ఉంచకండి. 300 లీటర్లకు 9 గ్రాముల వంటసోడా సుమారు 1 డీకేహెచ్ పెంచుతుంది. ఆర్వో నీటిలో కరిగించి, నీటి పారుదల గట్టిగా ఉన్నచోట నెమ్మదిగా పోయండి. రోజుకు 1 డీకేహెచ్ దాటొద్దు. మా అత్తయ్య గుల్ల సున్నం కలపమంది. గోడలకు వేసే ఆ సున్నంలో ఇంకేముందో తెలియదు కాబట్టి ట్యాంకులో వేయలేదు.