రొయ్యల డబ్బాలో మిరప నారు

నెల్లూరులో మిద్దె తోట పెట్టుకున్నవాళ్లకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉండే బాధ చెప్పక్కర్లేదు. ముసురు పట్టిందంటే రోజుల తరబడి ఎండ మొహం కనపడదు. కిటికీ దగ్గర పెట్టిన మిరప నారు దారప్పోగుల్లా సాగి, ఓ పొద్దున అడ్డంగా పడి ఉంటుంది. రెండేళ్లు అలా పోగొట్టుకున్నాక, ఇంట్లో ఎల్ఈడీలు వచ్చాక అటకెక్కించిన 36 వాట్ల ట్యూబ్‌లైట్ పట్టీలు రెండు దింపాను.

మొదట వాటిని నారుకు అడుగున్నర ఎత్తులో కట్టాను. గదంతా పట్టపగలే, నారు మాత్రం మళ్లీ సాగింది. ట్యూబ్ చుట్టూతా వెలుగుతుంది కదా, సగం వెలుతురు సీలింగు పాలు. ఇంకో ట్యూబ్ కొందామన్నారు మా ఆయన. ఉన్న వెలుతురునే కిందికి తిప్పుదామన్నాను.

ముందు పట్టీలను గొలుసులతో వేలాడదీయండి. ఆకులకు, ట్యూబ్‌కు మధ్య మూడు నాలుగు అంగుళాలు చాలు. నారు పెరిగేకొద్దీ గొలుసు ఒక్కో లంకె పైకి జరపాలి. ఇదొక్కటి చేసినా సగం పని అయినట్టే.

తర్వాత పైన రేకు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పున్న జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రేకు తీసుకుని, అంచులు రెండూ కిందికి వాలేలా వంచమని రేకుల షాపులో అడిగాను. ట్యూబ్‌ను హత్తుకునేలా గుండ్రంగా వంచబోయాడు, ఆపాను. అలా వంచితే తిరిగొచ్చిన వెలుతురు మళ్లీ ట్యూబ్‌కే తగులుతుంది, మొక్కకు చేరదు. ట్యూబ్‌కూ రేకుకూ మధ్య ఖాళీ ఉండాలి, అంచులు వెడల్పుగా పరుచుకోవాలి.

రేకు లోపలివైపు మెరుపులేని తెల్ల రంగు రెండు కోట్లు వేయండి. అద్దం ఇంకా బాగుంటుందని చాలామంది అనుకుంటారు. మామూలు అద్దంలో వెలుతురు గాజు దాటి వెళ్లి, మళ్లీ గాజు దాటి రావాలి, దారిలో కొంత పోతుంది. తెల్ల రంగైతే వెలుతురును అన్ని వైపులకూ సమంగా చల్లుతుంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్ నలిగితే వెలుతురు మచ్చలు మచ్చలుగా పడుతుంది. పైగా దాంట్లో కరెంటు పారుతుంది. నేను ఫాయిల్‌ను హోల్డర్ దాకా అంటించి, నీళ్లు చిలకరించేటప్పుడు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. దేవుడి దయ, చెప్పులున్నాయి. రేకుకు ఎర్త్ తీగ, మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. నీళ్లు పోసేముందు స్విచ్ ఆపండి.

పక్కల గోడలకు మాత్రం మనూళ్లో ఖర్చే లేదు. రొయ్యలు ప్యాక్ చేసే తెల్ల థర్మాకోల్ డబ్బాలు అడిగితే ఇస్తారు. రెండు రోజులు సబ్బునీళ్లలో నానబెట్టినా వాసన పోలేదు, మూడో రోజు ఎండలో పెడితే పోయింది. అడుగున చిల్లులు పొడిచి నారు ట్రేలు అందులోనే పెట్టాను, నాలుగు పక్కలా తెల్ల గోడలు వచ్చేశాయి. థర్మాకోల్ చోక్‌కు తగలకూడదు, చోక్ వేడెక్కుతుంది.

ట్యూబ్ చివర్లలో వెలుతురు తక్కువ. రెండు రోజులకోసారి చివరి ట్రేలను మధ్యకు, మధ్యవాటిని చివరికి మార్చండి. ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ ఉంటే ఆకుల మట్టంలో పెట్టి, రేకు ఉన్నప్పుడూ తీసేశాకా అంకె చూడండి. మా ఆయన నమ్మింది ఆ అంకె చూశాకే.

రోజుకు 14 గంటలు వెలిగిస్తాను. చోక్‌లతో కలిపి రోజుకు ఒకటింబావు యూనిట్ దాకా కాలుతుంది. రాత్రి ఆపేయాలి, మొక్కకూ చీకటి కావాలి. వారానికోసారి ట్యూబ్‌నూ రేకునూ పొడిగుడ్డతో తుడవండి. చివర్లు నల్లబడిన ట్యూబ్ వెలుగుతున్నా మార్చేయండి. దాన్ని పగలగొట్టొద్దు, లోపల పాదరసం ఉంటుంది.

నాలుగైదు వారాలకు నారు కురచగా, కాడలు లావుగా వచ్చింది. ముసురు విడిచాక మొదటిరోజు మిద్దె మీద గంటసేపే, అదీ నీడలో ఉంచాను.