అన్నింటికీ "పాడుబడ్డ ఊరు" అని రాయకండి

పాలమూరు, నల్లగొండ పల్లెల ఫొటోలు పెట్టేవాళ్ళు కోట అయినా, తాళాలేసిన వాడ అయినా కింద "పాడుబడ్డ ఊరు" అనే రాస్తున్నారు. రాసే ముందు ఒక్కటి అడిగి తెలుసుకోండి: అక్కడి మనుషులు మళ్ళీ వస్తారా, రారా?

ఉండినవాళ్ళు మళ్ళీ రాని, ఎవరూ పట్టించుకోని కట్టడమైతే పాడుబడ్డదే. 14వ శతాబ్దంలో రేచర్ల వెలమ రాజులు ఏలిన రాచకొండ కోట అట్లాంటిదే. కప్పు కూలిన గడి (ఊరి దొర ఉండిన పెద్ద భవంతి), పూడిపోయిన దిగుడుబావి, దీపం పెట్టని గుడి కూడా అంతే.

వలస పోయిన పల్లె సంగతి వేరు. బొంబాయికో పుణెకో పనికి పోయినోళ్ళు పీర్ల పండక్కో ఉగాదికో వస్తారు, ముసలోళ్ళు అరుగుల మీదనే ఉంటారు, కాబట్టి "ఊరు బోసిపోయింది" అనండి. మన దగ్గర "నీ ఇల్లు పాడుగాను" అంటే పెద్ద తిట్టు, పొట్టకూటికి పోయినోళ్ళ ఇంటిని అట్లా రాస్తే వాళ్ళ మనసు ఎంత కష్టపడుతుందో ఆలోచించండి. "తాళమేసిన ఇల్లు" అంటే చాలు. మిట్టమధ్యాహ్నం ఎండకు ఖాళీ అయిన బజారు నిర్మానుష్యం, అంతే.

పొలానికి పాడుబడ్డ అనే మాట అతకదు. ఒకప్పుడు దున్నిన భూమిని నీళ్ళు లేకనో, చేసేటోళ్ళు లేకనో ఏండ్ల తరబడి వదిలేస్తే "పడావు పడ్డది" అంటారు.

ఇక బేచిరాగ్. రెవెన్యూ కాగితాల్లో కనిపించే ఈ మాట పర్షియన్ నుంచి వచ్చింది, దీపం లేనిది అని అర్థం. ఊరి పేరు, ఎల్లలు, సర్వే నంబర్లు అన్నీ ఉంటాయి, ఇండ్లు మాత్రం ఉండవు, భూములు పక్క ఊళ్ళోళ్ళు చేసుకుంటుంటారు. కాబట్టి "అది బేచిరాగ్ గ్రామం" అని గ్రామానికి మాత్రమే వాడండి, ఇంటికో కోటకో వాడకండి. ఎప్పుడో ఊరున్న చోట కుండపెంకులు, బూడిదరంగు మన్నుతో దిబ్బ మిగిలితే అది పాటిగడ్డ, ఆ పాటిమన్నును రైతులు పొలాలకు తోలుకునేవాళ్ళు.

శ్రీశైలం జలాశయంలో పోయిన కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్ళకు మాత్రం పైన చెప్పినవేవీ వాడొద్దు. అక్కడి జనం ఊరు వద్దనుకొని పోలేదు, ఖాళీ చేయించారు. ఎండాకాలం నీళ్ళు తగ్గి మొండిగోడలు బయటపడ్డప్పుడు ఫొటో తీసినా, కింద "ముంపు ఊరు" అనే రాయండి, వీలైతే ఆ ఊరి పేరు కూడా రాయండి.