మోకాలి నొప్పంటూ వచ్చిన బిడ్డకు తుంటి చూడండి

పిల్లోడు మోకాలు చూపించి కుంటుతుంటే, అక్కడ నొక్కి చూసి వాపు లేదని పంపించెయ్యకండి. తుంటిలో పుట్టిన నొప్పి మోకాలి దగ్గర తెలియడం పిల్లల్లో మామూలే. పీహెచ్‌సీలోనైనా విలేజ్ క్లినిక్‌లోనైనా తుంటి చూడడానికి రెండు నిమిషాలు చాలు.

ముందు నాలుగడుగులు నడిపించండి. తర్వాత బోర్లా పడుకోబెట్టి, మోకాళ్లు నిలువుగా మడిచి, రెండు పాదాలనూ బయటివైపుకు వాలనివ్వండి. ఒక పాదం తక్కువ వాలితే అటువైపు తుంటిని అనుమానించాలి. వెల్లకిలా ఉన్నప్పుడు తొడను కాస్త దొర్లించినా కేకలు పెడితే ఇంకేమీ మెలితిప్పొద్దు.

జ్వరం 38.5 సెంటీగ్రేడ్ దాటి, కాలు కింద మోపకపోతే కీలులో చీము పట్టిందనే అనుకోండి. రక్తపరీక్షలో ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును సూచించే లెక్క) 40, తెల్లకణాలు 12,000 దాటితే అనుమానం బలపడుతుంది గానీ, ఆ రిపోర్టుల కోసం ఆగొద్దు. చీము మృదులాస్థిని రోజుల్లోనే తినేస్తుంది. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికైనా, రాయదుర్గం నుంచి అనంతపురానికైనా గంటల ప్రయాణం, 108 పిలిపించండి. ఆపరేషన్ పడొచ్చు కాబట్టి నోటికేమీ పెట్టొద్దని అమ్మకు చెప్పండి. బిడ్డ రక్తప్రసరణ పడిపోయి షాక్‌లో ఉంటే తప్ప యాంటీబయాటిక్ మొదలుపెట్టకండి, ముందే సూది పడితే కీలు నీటి కల్చర్‌లో (క్రిమిని పెంచి చూసే పరీక్షలో) క్రిమి దొరక్కపోవచ్చు. నెలల బిడ్డకు జ్వరమే ఉండకపోవచ్చు: గుడ్డ మార్చేటప్పుడు ఏడ్చి, ఒక కాలు కదపకపోవడమే గుర్తు.

పది నుంచి పదహారేళ్ల పిల్లలు, ముఖ్యంగా బొద్దుగా ఉన్నవాళ్లు, వారాలుగా కుంటుతుంటే తొడ ఎముక తల జారుతోందేమో చూడాలి. తుంటి మడిచేటప్పుడు తొడ దానంతటదే బయటికి తిరుగుతుంది. ఇక నడవనివ్వకండి, స్ట్రెచర్ మీదే పంపండి. రెండు తుంట్లకూ ఎదురుగా ఒకటి, కప్ప కాళ్ల భంగిమలో ఒకటి ఎక్స్‌రే కావాలి. మొదటిదొక్కటే తీస్తే కొద్దిపాటి జారుడు కనబడదు. పుత్తూరు కట్టు, మాలీషు రెండూ వద్దని గట్టిగా చెప్పండి.

మూడు నుంచి పదేళ్ల బిడ్డ, జలుబు చేసిన కొద్దిరోజులకు కుంటుతూ, జ్వరం లేకుండా హుషారుగా ఉంటే పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున ఇచ్చి, 48 గంటల్లో మళ్లీ చూడండి. రెండు వారాలకూ తగ్గకపోతే పెర్థిస్ (తొడ ఎముక తలకు రక్తం అందక దెబ్బతినే జబ్బు) కావచ్చు, తొలి ఎక్స్‌రే మామూలుగా ఉన్నా సరే ఆర్థో ఓపీకి పంపాల్సిందే. మూడేళ్లలోపు వాళ్లకు ఈ ఎదురుచూపు పనికిరాదు. రాత్రుళ్లు నొప్పితో లేవడం, పాలిపోవడం, కమిలిన మచ్చలు ఉంటే రక్త క్యాన్సరేమో తేల్చడానికి బ్లడ్ స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) అడగండి; నెలల తరబడి నొప్పితో బరువు తగ్గుతుంటే టీబీ చూడమనండి.

చీటీలో ‘కాలు నొప్పి’ అని రాయకండి. ఏ వైపు, ఎప్పటినుంచి, మోపుతున్నాడా, జ్వరం ఎంత, ఏ మందు ఎన్నింటికి పడింది, చివరిసారి ఎన్నింటికి తిన్నాడు, ఇవన్నీ రాయండి.