స్ప్రే గన్‌లోకి నీళ్లు రాకుండా

ఇంటి దగ్గరే షెడ్డు వేసుకుని బైక్ ట్యాంకులకో, ఇనుప గేట్లకో పెయింట్ కొట్టేవాళ్లకు ఒక మాట. గాలిలోని నీటిని పట్టే వాటర్ ఫిల్టర్‌ను కంప్రెసర్ పక్కనే బిగించకండి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడిలో తేమ ఆవిరిగానే ఉండి ఫిల్టర్‌ను దాటేస్తుంది, పైపులో చల్లబడ్డాక నీళ్లవుతుంది. గన్‌లోంచి పడేవి ఆ నీళ్లే.

మాది కాకినాడ. వానాకాలంలో నల్ల ట్యాంకు మీద లక్కర్ పెయింట్ కొడితే పాలు చల్లినట్టు తెల్లటి మసక వచ్చేది, అక్కడక్కడా ఆవగింజంత బొబ్బలు. మళ్లీ గీకి మొదటికి రావాల్సిందే.

ఇప్పుడు కంప్రెసర్ నుంచి 8 మీటర్ల జీఐ పైపును (జింకు పూత ఉన్న ఇనుప పైపు) గోడ వెంట తిప్పి, చివరి వైపుకు కొంచెం వాలుగా బిగించాను. చివర పైపును నిలువుగా కిందికి దించి, అడుగున బాల్ వాల్వ్ పెట్టాను. గన్‌కు వెళ్లే లైన్‌ను ఆ వాలు పైపు పైభాగం నుంచి T ఆకారపు జాయింట్ వేసి తీసుకోవాలి, అడుగు నుంచి తీస్తే నీళ్లు కూడా వచ్చేస్తాయి. ఫిల్టర్ ఆ తర్వాతే. సాయంత్రం వాల్వ్ తిప్పితే తుప్పు రంగు నీళ్లు బుస్సుమని వస్తాయి, చూస్తేనే ప్రాణం లేచొస్తుంది.

చవక అని పీవీసీ పైపు మాత్రం అస్సలు వాడకండి. గాలి ఒత్తిడికి పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి.

కంప్రెసర్ ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ కూడా పని అయ్యాక రోజూ తెరవండి, లేకపోతే లోపలి నుంచే తుప్పు తింటుంది.